ముఖాముఖిలో పేజీల గురించి అడగండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సాహిత్య పేజీలో కథకులతో, నవలాకారులతో ముఖాముఖిలు వేయడం మొదలుపెట్టినందుకు ముందుగా నా కృతజ్ఞతలు. ముప్పాతిక పేజీని ఒక్క రచయితకు కేటాయించడం ఈ రోజుల్లో చిన్న విషయం కాదు. వచ్చినవన్నీ చదివాను. కత్తిరించి ఫైలులో దాచుకున్నాను కూడా. మొన్న ఆ ఫైలును మొదటి నుంచి మళ్లీ చదువుతుంటే ఒక సంగతి మనసుకు కష్టం కలిగించింది. ఆ సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం. కాస్త పొడవుగానే ఉంటుంది, ఓపికగా చదవమని కోరుతున్నాను.

‘మీ మీద ఎవరి ప్రభావం ఉంది?’ అనే ప్రశ్న అన్ని ముఖాముఖిల్లోనూ ఉంది. రచయితలందరూ మూడు నాలుగు పేర్లు చెప్పారు. ఆ పేర్లు కూడా ఇంచుమించు అవే. ఆ వెంటనే వచ్చే ప్రశ్న ‘కొత్తగా రాస్తున్నవారికి మీరిచ్చే సలహా ఏమిటి?’ అని. అసలు సంభాషణ ఈ రెండు ప్రశ్నల మధ్య మొదలు కావలసింది. ఫలానా పెద్దాయన ప్రభావం ఉందని రచయిత అన్నాక, ఆయన రాసినవాటిలో ఏది? ఏ వయసులో చదివారు? చదివాక మీ రాతలో ఏం మారింది? ఆ మార్పు మీ కథల్లో మొదట ఎక్కడ కనిపిస్తుంది? ఇవేవీ అడగకుండా ముందుకు వెళ్లిపోతే పాఠకుడికి మిగిలేది పేర్ల పట్టిక. దాన్ని చూసి ఆ రచయిత పుస్తకాన్ని మళ్లీ తెరవాలని ఎవరికీ అనిపించదు.

ఇంత పట్టుదలగా రాయడానికి నా ఉద్యోగమే కారణం. నేను చాలా ఏళ్లు ఒక ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దాను. అక్కడ ఎక్కువగా నవలలు, కథా సంపుటాలు అచ్చయ్యేవి. రాతప్రతిని పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చి చూడడం మా పని. మేం దిద్దిన ప్రూఫు రచయిత దగ్గరికి వెళ్లి, ఆయన దిద్దుబాట్లతో తిరిగి వచ్చేది. చాలామంది అచ్చుతప్పులు మాత్రమే చూసేవారు. కొందరు మాత్రం అచ్చులో చూసుకున్నాకే తమ వాక్యం తమకు అర్థమైనట్టు, మార్జిన్ల నిండా రాసి పంపేవారు. కంపోజింగ్ చేసేవాళ్లు విసుక్కునేవారు. నాకు మాత్రం ఆ మార్జిన్లంటే ఇష్టం. ఒక రచయిత ఎలా ఆలోచిస్తాడో వాటిలో కనిపించినంత స్పష్టంగా నాకు మరెక్కడా కనిపించలేదు.

ఒక నవలాకారుడి గురించి చెబుతాను. పేరు రాయను. ఆయన ప్రూఫులు వచ్చినప్పుడల్లా ఒకే దిద్దుబాటు కనిపించేది. అధ్యాయం చివరి వాక్యం కొట్టేసి ఉండేది. ఒకటో అధ్యాయంలో, రెండో అధ్యాయంలో, నవల పొడుగునా అంతే. కొట్టేసిన వాక్యాలు చెడ్డవేమీ కావు, కొన్నయితే చక్కగా కూడా ఉండేవి. ఒకసారి ఆయన స్వయంగా వచ్చినప్పుడు ఎందుకలా చేస్తారని అడిగాను. చిన్నప్పుడు రేడియో నాటకాలు ఒళ్లంతా చెవులు చేసుకుని వినేవాడినని ఆయన చెప్పారు. నాటకంలో ఒక రంగం ముగిసేటప్పుడు పాత్ర మాట పూర్తి కాకముందే సంగీతం వచ్చేసేదట. ఆ పూర్తికాని మాటను తాను రాత్రంతా మనసులో పూర్తి చేసుకునేవాడట. ‘నా పాఠకుడికి కూడా ఆ పని మిగల్చాలి. రాసేటప్పుడు చేయి ఆగదు, అందుకే అచ్చులో కొట్టేస్తాను’ అన్నారు. తర్వాతి కాలంలో ఆయనతో వచ్చిన ముఖాముఖిలు చాలా చదివాను. అన్నిటిలోనూ ముగ్గురు గొప్ప రచయితల పేర్లు ఉన్నాయి. రేడియో ఊసు ఒక్కదానిలోనూ లేదు. ఆయన దాచిపెట్టారని నేననుకోను. ఎవరూ ఆయన అధ్యాయాల ముగింపుల గురించి అడగలేదు, అంతే.

‘ఎవరి ప్రభావం’ అని అడిగితే ఏ మర్యాదస్తుడైనా ఏం చెబుతాడు? తాను గౌరవించే పెద్దల పేర్లు చెబుతాడు. అది కృతజ్ఞత. అందులో నిజాయితీ లోపం ఏమీ లేదు. కానీ కృతజ్ఞత వేరు, ప్రభావం వేరు. మనం ఎంతో గౌరవించే రచయిత మన వాక్యం మీద గీత కూడా పెట్టకపోవచ్చు. పేరు కూడా గుర్తులేని ఒక పత్రికా కథ మన చేతివాటాన్ని శాశ్వతంగా మార్చేసి ఉండవచ్చు. పైగా నిజంగా లోతుగా పడిన ప్రభావాన్ని ఒప్పుకోవడానికి రచయితలు కొంత జంకుతారు. తన గొంతు తనది కాదని ఎవరైనా అంటారేమోనన్న భయం అది. 1973లో హెరాల్డ్ బ్లూమ్ అనే విమర్శకుడు కవుల్లోని ఈ ఆందోళన మీదే ఏకంగా ఒక పుస్తకం రాశాడు. కాబట్టి సూటిగా అడిగితే సూటిగా జవాబు రాదు. పని గురించి అడగాలి. పని గురించి మాట్లాడుతూ ఉంటే మిగతావి వాటంతట అవే బయటికి వస్తాయి.

కొలంబియా నవలాకారుడు గాబ్రియేల్ గార్సియా మార్కెస్ తన మీది ప్రభావాల గురించి చెప్పినవి చూడండి. కాలేజీ రోజుల్లో స్నేహితుడు ఇచ్చిన కాఫ్కా పుస్తకం తెరిచి, మనిషి పురుగుగా మారి నిద్రలేచిన కథలో మొదటి వాక్యం చదివి నిర్ఘాంతపోయానన్నాడు. ఇలా రాయడానికి అనుమతి ఉందని తెలిస్తే ఎప్పుడో మొదలుపెట్టేవాణ్నని అనుకున్నాడట. అంటే కాఫ్కా దగ్గర ఆయన తీసుకున్నది శైలి కాదు, ధైర్యం. గొంతు మాత్రం అమ్మమ్మది. ఆమె నమ్మశక్యం కాని సంగతుల్ని ముఖకవళిక మారకుండా, ఇంట్లో జరిగిన మామూలు విషయం చెప్పినట్టు చెప్పేది. తాను చెప్పేదాన్ని తానే నమ్మకుండా రాసినంత కాలం ‘నూరేళ్ల ఏకాంతం’ సాగలేదనీ, అమ్మమ్మ ముఖం పెట్టుకుని రాయాలని తెలిశాకే సాధ్యమైందనీ ఆయన వివరించాడు. ఆ నవల 1967లో వచ్చింది. అంతకు కొన్నేళ్ల ముందు, 1961లో మెక్సికో నగరంలో ఒక మిత్రుడు హువాన్ రుల్ఫో రాసిన చిన్న నవల తెచ్చి ఇచ్చాడు. ఆ రాత్రి రెండోసారి కూడా చదవడం పూర్తయ్యేదాకా నిద్రపోలేదన్నాడు. ఆ తర్వాత దాదాపు మొత్తం కంఠతా వచ్చేసిందట. ఇక విలేకరిగా పనిచేయడం ఇంకొకటి నేర్పింది. ఆకాశంలో ఏనుగులు ఎగురుతున్నాయంటే ఎవరూ నమ్మరు, నాలుగు వందల ఇరవై ఐదు ఏనుగులు ఎగురుతున్నాయంటే నమ్ముతారేమో అన్నాడు.

ఒక్క మనిషి మీద ఎన్ని రకాల ప్రభావాలో చూడండి. ఒకటి తలుపు తెరిచింది, ఒకటి గొంతు ఇచ్చింది, ఒకటి నిర్మాణం చూపించింది, ఒకటి అబద్ధానికి అంకె జోడించడం నేర్పింది. మన ముఖాముఖి పద్ధతిలో అయితే ‘కాఫ్కా, రుల్ఫో’ అని అచ్చయి అక్కడితో సరిపోయేది. అమ్మమ్మ ముఖం ఆ పట్టికలో ఎక్కడ పడుతుంది?

ఈ విషయంలో ‘పారిస్ రివ్యూ’ అనే ఆంగ్ల సాహిత్య పత్రికను మీ సాహిత్య పేజీ బాధ్యులు ఒకసారి గమనించాలని నా మనవి. 1953లో తొలి సంచికలోనే ఇ.ఎం. ఫార్‌స్టర్‌తో సంభాషణ వేసి, ఆ శీర్షికను ఇప్పటికీ నడుపుతున్నారు. వాళ్ల పద్ధతిలో నాకు నచ్చినది ఒకటుంది. మాట్లాడినదంతా రాతలో పెట్టాక రచయితకు పంపి, ఆయన దిద్దిన తర్వాతే అచ్చు వేస్తారు. మాట జారడం కోసం పొంచి ఉండటం అక్కడ కనిపించదు. రచయిత తన మాటను తాను మెరుగుపరచుకోవచ్చు. ప్రూఫులు చూసినదాన్ని కాబట్టి ఆ అవకాశం విలువ నాకు తెలుసు.

ఆ శీర్షికలోనే 1958లో అమెరికా నవలాకారుడు హెమింగ్వేతో సంభాషణ వచ్చింది. ఒక నవల చివరి పేజీని తృప్తి కలిగేవరకు ముప్పై తొమ్మిది సార్లు తిరగరాశానని ఆయన అన్నాడు. మన దగ్గర అయితే ఆ మాటకు ఆశ్చర్యపోయి, ఆయన శ్రమను మెచ్చుకుని ముందుకు సాగిపోయేవాళ్లం. అడుగుతున్న జార్జ్ ప్లింప్టన్ మాత్రం ఆగాడు. అక్కడ మీకు అడ్డుపడిన సమస్య ఏమిటి అని అడిగాడు. సరైన మాటలు కుదర్చడం అని జవాబు వచ్చింది. పొడి జవాబే. అయినా ఆ చిన్న ప్రశ్న వల్ల ఆ అంకెకు అర్థం వచ్చింది. అదే సంభాషణలో తాను ఎవరెవరి దగ్గర నేర్చుకున్నానో చెబుతూ హెమింగ్వే రచయితలతో పాటు గోయా, సెజాన్, వాన్ గో వంటి చిత్రకారుల పేర్లూ, బాఖ్, మొజార్ట్ పేర్లూ కలిపాడు. రాయడం గురించి రచయితల దగ్గర ఎంత నేర్చుకున్నానో చిత్రకారుల దగ్గరా అంతే నేర్చుకున్నానన్నాడు. అది చదివాక ఆయన కొండల వర్ణనలు మళ్లీ తిరగేశాను. విశేషణాలు లేకుండా ఒక దృశ్యం ఎలా నిలబడుతుందో అప్పుడు బాగా తెలిసింది.

మన బుచ్చిబాబు కూడా బొమ్మలు వేసిన మనిషే. ఆయన ‘చివరకు మిగిలేది’ గురించి మాట్లాడినప్పుడు మనం మనస్తత్వ శాస్త్రం అంటాం, పాశ్చాత్య సాహిత్యం అంటాం. ఆ నవలలో వెలుగునూ, చెట్లనూ, ఆకాశాన్నీ చూసే కన్ను కుంచె పట్టిన కన్ను అన్న మాట మాత్రం చాలా అరుదుగా వినిపిస్తుంది. రావిశాస్త్రి విషయంలోనూ అంతే. ‘అల్పజీవి’ ప్రస్తావన వస్తే చైతన్య స్రవంతి అంటాం, అంటే పాత్ర మనసులో ఆలోచనలు సాగినట్టే రాసే పద్ధతి, ఆ పద్ధతిలో రాసిన ఐర్లండ్ రచయిత జేమ్స్ జాయిస్ అంటాం. అది ఒక సగం. ఆయన వృత్తిరీత్యా న్యాయవాది. రోజూ కోర్టులో సాక్షులు తడబడటం, పోలీసులు దబాయించడం, దిక్కులేని ముద్దాయిలు ఏం చెప్పాలో తెలియక నిలబడిపోవడం విన్న చెవి ఆయనది. ‘ఆరు సారా కథలు’ చదివితే ఆ చెవి ఎంత పని చేసిందో అర్థమవుతుంది. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో మరణించే వరకు ‘చందమామ’ సంపాదక బాధ్యతలు చూశారు. పిల్లలకు అర్థమయ్యేలా, ఒక్క మాట కూడా ఎక్కువ కాకుండా కథ చెప్పించే పనిని దశాబ్దాల పాటు చేసిన మనిషికి, పెద్దల కోసం రాసే వచనం మీద ఆ పని ముద్ర పడకుండా ఉంటుందా? నా మట్టుకు ఆయన వచనంలోని ఆ నిరాడంబరత వెనక ఏ గొప్ప పేరు కన్నా ఈ రోజువారీ పనే ఎక్కువగా కనిపిస్తుంది. ఆయన ఉన్న రోజుల్లో ఎవరైనా ఈ ఒక్క విషయం మీద గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడించి ఉంటే ఎంత బాగుండేది!

కాబట్టి రచయిత ఉద్యోగం గురించి అడగండి. పరిచయ వాక్యంలో ‘బ్యాంకు ఉద్యోగి’ అనో ‘ఉపాధ్యాయురాలు’ అనో వేసి వదిలేయకండి. మా ముద్రణాలయానికి వచ్చే ఒక రచయిత్రి చాలాకాలం టెలిఫోను ఆపరేటరుగా పనిచేశారు. ఆమె సంభాషణల్లో వాక్యాలు సగంలో ఆగిపోయేవి. సగంలో ఆగిన వాక్యానికి మూడు చుక్కలు పెట్టడం మా అలవాటు. ఆమె ఆ చుక్కలన్నీ తీయించి, తెగిన చోటే పూర్ణవిరామం పెట్టించారు. మనుషులు మాట మధ్యలో ఆపేసినప్పుడు సాగదీయరనీ, ఠక్కున ఆపుతారనీ, ఆ ఆపడంలోనే చెప్పదలచుకున్నది చెప్పేస్తారనీ ఆమె అన్నారు. అది ఆమె పుస్తకాల్లో చదివినది కాదు, చెవికి హెడ్‌ఫోను పెట్టుకుని విన్నది. ఆమె కథలు చదివిన వేలమందికి ఈ సంగతి తెలిస్తే ఆ పూర్ణవిరామాలు ఎంత వేరుగా వినపడతాయో ఆలోచించండి.

ఆమె ప్రసక్తి వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పక తప్పదు. మీ ముఖాముఖిల్లో రచయిత్రులకు మాత్రమే వేస్తున్న ప్రశ్న ఒకటుంది: ‘ఇంటి పనినీ రచననూ ఎలా సమన్వయం చేసుకుంటారు?’ మగ రచయితను ఈ ప్రశ్న అడిగినట్టు నా ఫైలులో ఎక్కడా లేదు. ఎప్పుడు రాస్తారు, ఎక్కడ కూర్చుంటారు, మధ్యలో లేవాల్సి వస్తే మళ్లీ ఎక్కడ అందుకుంటారు అన్నవి రచనకు సంబంధించిన మంచి ప్రశ్నలే. అందరినీ అడగండి. రచయిత్రులను మాత్రమే అడిగితే అది కుటుంబ సమాచారం అవుతుంది తప్ప సాహిత్యం కాదు. ఆ చోటు పోయినందువల్ల ఆమె నవలలో కాలాన్ని వెనక్కీ ముందుకీ ఎలా తిప్పిందో అడగడానికి మీకు చోటు మిగలడం లేదు. నాకు కోపం తెప్పించే విషయం ఇదొక్కటే, దాచుకోను.

‘రచయితతో మనకేం పని, రచన చాలు’ అనేవాళ్లున్నారు. నాకు తెలిసిన చాలా మంచి పాఠకులు ఆ మాట అంటారు. రచయిత పెళ్లి గురించి, తగాదాల గురించి, అందుకున్న శాలువాల గురించి అయితే వాళ్లతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ ఒక కథ రెండోసారి రాసినప్పుడు ఏం మారింది అన్నది రచనలోని సంగతే. గురజాడ ‘కన్యాశుల్కం’ నాటకమే అయినా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1897లో మొదట అచ్చయింది. 1909లో రెండో కూర్పు వచ్చేసరికి దాదాపు కొత్త నాటకమైంది. బాగా పెరిగింది, మధురవాణి పాత్ర ఎంతో విస్తరించింది. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే గురజాడ పన్నెండేళ్లలో ఎటు నడిచాడో తెలుస్తుంది. ఆయన్ను అడిగే భాగ్యం మనకు లేదు. ఇప్పుడు మన మధ్య ఉన్నవాళ్లను అడగవచ్చు కదా! పత్రికలో వచ్చిన కథకూ సంపుటిలో చేరిన కథకూ తేడా ఉన్న రచయితలు ఇవాళ కూడా చాలామంది ఉన్నారు. ముగింపు మార్చిన వాళ్లున్నారు. చెప్పేవాడినే మార్చేసి, కథ మొత్తం ‘నేను’ నుంచి ‘అతను’కు తిప్పిన వాళ్లున్నారు. ఎందుకు మార్చారు అన్న ఒక్క ప్రశ్న ముఖాముఖిలో సగభాగాన్ని నింపుతుంది.

అయితే అలా అడగాలంటే అడిగేవాళ్లు ముందుగా రెండు ప్రతులూ చదివి ఉండాలి. పాత పత్రికలు ఎక్కడ దొరుకుతాయనే సాకు మన భాషలో చెల్లదు. లెక్కల మాస్టారుగా పనిచేసిన కథకుడు కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం స్థాపించి, తెలుగు కథలన్నిటినీ, అవి తొలిసారి అచ్చయిన పత్రికలతో సహా, ఒక చోటికి చేర్చే పనికి తన శేష జీవితాన్ని ఇచ్చారు. ఎన్నో వేల కథలు అక్కడ ఉన్నాయి. వాటిలో చాలావాటిని కంప్యూటర్‌లో కూడా చదువుకోవచ్చు. ఒక రచయితను కలవబోయే ముందు ఆయన తొలి కథను తొలి అచ్చులో చదివి వెళ్లడం అసాధ్యమేమీ కాదు. ‘మీ గురించి చెప్పండి’ అని మొదలుపెట్టినవాడి ముందు రచయిత విప్పే మనసు వేరు. ‘మీ తొలి కథలో తండ్రి పాత్ర ఒక్క మాట కూడా మాట్లాడదు, ఎందుకు?’ అని మొదలుపెట్టినవాడి ముందు విప్పే మనసు వేరు.

రచయిత కాక ఆ రచనను మొదట చదివేది ఎవరు అన్నది కూడా అడగాలి. దీన్ని మనం పూర్తిగా వదిలేశాం. అమెరికా కథకుడు రేమండ్ కార్వర్ పేరు చెప్పగానే పొదుపైన, ఎముకల్లా మిగిలిన వాక్యాలు గుర్తుకొస్తాయి. 1981లో వచ్చిన ఆయన సంపుటిలోని ఆ పొదుపులో చాలా భాగం సంపాదకుడు గోర్డన్ లిష్ చేసిన కోత. కొన్ని కథలు సగానికి పైగా తగ్గిపోయాయి. అచ్చుకు ముందు, 1980లో, ఆ పుస్తకాన్ని ఆపమని కార్వర్ వేడుకుంటూ ఉత్తరం రాశాడు. కోతకు ముందటి ప్రతి 2009లో విడిగా పుస్తకమై వచ్చాక, అదే కథలు మరింత మాటలతో, మరింత జాలితో కనిపించాయి. ప్రపంచమంతా ‘కార్వర్ ప్రభావం’ అనుకుంటూ నేర్చుకున్నదానిలో లిష్ వాటా ఎంత? మన రచయితల్లో కూడా తొలి పాఠకుల మాట విని అధ్యాయాలకు అధ్యాయాలు తీసేసినవాళ్లను నేను చూశాను. ఆ పాఠకులు భార్యలు, భర్తలు, స్నేహితులు, పత్రికల్లో పేరు పడని ఉపసంపాదకులు. వాళ్ల గురించి రచయితలు ఇష్టంగా మాట్లాడతారు, మనం అడగాలే గాని.

అభిరుచుల సంగతి కొంచెం వేరు. రచయిత ఇష్టపడి చదివేదీ, రాసేదీ ఒకటే కానక్కరలేదు. దీర్ఘమైన నవలలు రాసేవాళ్లు చిన్న పద్యాలతో పొద్దుపుచ్చవచ్చు. చీకటి కథలు రాసేవాళ్లు హాస్యం తప్ప మరేదీ చదవకపోవచ్చు. అందుకే ‘మీకు నచ్చిన పుస్తకాలు?’ అని అడిగితే మళ్లీ పాత పట్టికే వస్తుంది. ఏ పుస్తకాన్ని మళ్లీ మళ్లీ చదువుతారు అని అడగండి. అమెరికా నవలాకారుడు ఫాక్నర్ ‘డాన్ కిహోటే’ అనే పాత స్పానిష్ నవలను ఏటా చదువుతానని చెప్పాడు, కొందరు బైబిల్ చదివినట్టు. ఒక నవల రాస్తున్న రోజుల్లో ఇతరుల నవలలు చదువుతారా, మానేస్తారా? మానేస్తే దేనికి భయపడి? ఒకప్పుడు ప్రాణంగా చదివి ఇప్పుడు చదవలేకపోతున్నది ఏమైనా ఉందా? ఎంత ప్రయత్నించినా నచ్చని గొప్ప పుస్తకం ఏది? ఈ ఆఖరి ప్రశ్నకు మనవాళ్లు వెనకాడతారని తెలుసు. సమకాలికుల పేర్లు వద్దు, ఎవరినీ నొప్పించవద్దు. గతించిన మహానుభావుల గురించి అడిగితే చాలు. రష్యాలో పుట్టిన నవలాకారుడు నబొకొవ్, అదే దేశపు నవలాకారుడు దొస్తొయేవ్‌స్కీని బాహాటంగా తోసిపుచ్చాడు. ఆ తీర్పుతో నేను అణువంతైనా ఏకీభవించను. కానీ ఆ అయిష్టం వల్ల నబొకొవ్ గురించి నాకు చాలా తెలిసింది. ఆవేశం కన్నా వివరం మీద, ఉపదేశం కన్నా ఆకృతి మీద ఆయనకు ఎంత మమకారమో ఆ ఒక్క నిరాకరణ చెప్పింది.

ఈ నబొకొవ్‌తో ఇంకో పాఠం కూడా ఉంది. ప్రశ్నలు ముందే రాసి పంపాలనీ, జవాబులు కూడా రాసే ఇస్తాననీ ఆయన పట్టుబట్టేవాడు. ఎదుటపడి మాట్లాడలేని రచయితలు మన దగ్గరా ఉన్నారు. వాళ్లు తడబడితే ఆ తడబాటే అచ్చవుతోంది, పాపం. అలాంటివాళ్లకు రాతపూర్వకంగా జవాబిచ్చే వీలు కల్పించండి. మాట్లాడగలిగినవాళ్లను మాట్లాడించి, అచ్చుకు ముందు ఒకసారి చూపించండి.

ఇక ప్రభావం ఎప్పుడూ వెనక నుంచి ముందుకే నడుస్తుందని కూడా అనుకోవద్దు. అర్జెంటీనా రచయిత బోర్హెస్ కాఫ్కా గురించి 1951లో రాసిన చిన్న వ్యాసంలో, ప్రతి రచయితా తన పూర్వీకులను తానే సృష్టించుకుంటాడన్నాడు. కాఫ్కాను చదివాక, అంతకు ఎంతో ముందు రాసినవాళ్లలో కూడా కాఫ్కా పోలికలు కనిపిస్తాయని ఆయన మాట. ఒక రచయితను శ్రద్ధగా పరిచయం చేస్తే ఆయన చదివిన పాతవాళ్లు కూడా మనకు కొత్తగా కనిపిస్తారు. ఒక ముఖాముఖి వచ్చిన వారం గ్రంథాలయాల్లో ఎప్పటినుంచో ఎవరూ ముట్టని ఒక పాత పుస్తకం నలుగురి చేతుల్లోకి వెళ్లాలి. నేను కోరుకునేది అది.

స్థలం చాలదని మీరు అంటారు. అది నిజమైన ఇబ్బందే, కాదనను. అలాంటప్పుడు జీవితం మొత్తాన్ని ముప్పాతిక పేజీలో కుదించవద్దు. ఒక్క పుస్తకం తీసుకోండి, లేదా ఒక్క కథ. దాని తొలి ఆలోచన, ఎన్నిసార్లు తిరగరాశారు, ఏది తీసేశారు, దాన్ని రాసే రోజుల్లో ఏం చదువుతున్నారు, ఎవరికి చూపించారు. అంత వరకే అడిగి వదిలేయండి. పుట్టిన తేదీ, అవార్డుల జాబితా చిన్న అక్షరాల్లో పక్కన పెట్టెలో వేస్తే సరిపోతుంది. వీలైతే రాతప్రతిలో ఒక పేజీ ఫొటో వేయండి, కొట్టివేతలతో సహా. రచయిత నవ్వుతున్న ఫొటో కన్నా దానికి ఎక్కువ చోటివ్వండి. కంప్యూటర్‌లో రాసేవాళ్లకు కొట్టివేతలు మిగలవు, నిజమే. వాళ్లను పాత ప్రతులు దాచుకుంటారా లేదా అని అడగండి. ఇకనైనా దాచుకోమని నా మాటగా చెప్పండి.

వచ్చే నెల మీరు మాట్లాడించబోతున్నట్టు ప్రకటించిన రచయిత్రి రెండో నవలను నేను ఇష్టంగా చదివాను. అందులో ఏడో అధ్యాయం ఒక్కటే ఉత్తరంగా ఉంది, అదీ ఇంటి నుంచి వెళ్లిపోయిన అక్క రాసిన ఉత్తరం. అంతకు ముందు గానీ తర్వాత గానీ అక్క గొంతు నవలలో వినపడదు. ఆ ఉత్తరానికి ఎవరూ జవాబు రాయరు. దాన్ని మొదటి నుంచీ అక్కడే అనుకున్నారా, లేక నవల అంతా అయ్యాక తెచ్చి చేర్చారా? జవాబు ఉత్తరం ఒకటి రాసి తీసేశారా? దయచేసి నా తరఫున ఈ ప్రశ్న ఆమెను అడగండి.

నమస్కారాలతో,
మీ సాహిత్య పేజీ పాఠకురాలు,
ఒకప్పటి ప్రూఫ్ రీడరు